వెనీలా ఆయమ్మ

ఆ కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో చివరి వార్డుకి అసలు పేరు వేరే ఉండేది. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉండేది. కానీ స్వీపరు దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ దాన్ని బోర్లా వార్డు అనేవారు. కంటి వెనక పొర ఊడినవాళ్లకి ఆపరేషన్ చేసి, లోపల చిన్న గాలిబుడగ పెడతారు. ఆ బుడగ పైకి తేలి పొరని నొక్కి పట్టుకోవాలంటే మనిషి తల దించుకునే ఉండాలి. తింటున్నా, పడుకున్నా, చూడ్డానికి చుట్టాలొచ్చినా నేలచూపులే. వారం, ఒక్కోసారి పది రోజులు. అలాంటివాళ్లు పన్నెండు మంది ఉండే ఆ గదిలో ఆమె ఇరవై రెండేళ్లు ఆయమ్మగా పనిచేసింది. వాళ్లలో చాలామంది ఆమె ముఖం సరిగ్గా చూడకుండానే ఇంటికి వెళ్లిపోయారు. అయినా ఏళ్లు గడిచాక కూడా ఆమెని ఇట్టే గుర్తుపట్టేవారు. అదెలాగో చెప్పాలంటే బిస్కెట్ల ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టాలి.

ఆసుపత్రికి రాకముందు ఆమె పదకొండేళ్లు క్రీమ్ బిస్కెట్ల సెక్షన్‌లో ఉండేది. రెండు బిస్కెట్ల మధ్య క్రీము పెట్టి అతికించే మిషన్ పక్కన నిలబడి, వంకరగా అతుక్కున్నవాటిని ఏరి పక్క ట్రేలో పడేయడం పని. వెనకాల పెద్ద డ్రమ్ములో క్రీము కలిపే మనిషి డబ్బాలకి డబ్బాలు వెనీలా ఎసెన్స్ పోస్తూ ఉండేవాడు. పనిలో చేరిన వారానికే ఆ వాసన ముక్కుకి అలవాటైపోయి, ఉన్నట్టే తెలిసేది కాదు. తెలిసేది బయటివాళ్లకే. బస్సెక్కితే పక్క సీటువాళ్లు ఎవరి సంచిలో ఏముందా అని అటూ ఇటూ చూసేవారు.

ఇంటికి రాగానే కూతురు పరుగెత్తుకొచ్చి ఆమె కడుపులో ముఖం దాచుకుని గట్టిగా పీల్చేది.

“ఇవాళ క్రీము ఎక్కువ కలిపారు కదమ్మా?” అనేది. పదిసార్లకి ఎనిమిదిసార్లు నిజమే అయ్యేది.

కూతురికి ఏడో ఏడు వచ్చిన సంవత్సరం ఒక సోమవారం పొద్దున్న ఫ్యాక్టరీ గేటుకి కాగితం అంటించి ఉంది. మిషన్లన్నీ లారీలెక్కి వేరే ఊరు పోయాయి. క్రీము కలిపే మనిషి గేటు ముందే కూలబడి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నెలన్నర ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అనడమే గానీ, కాలు ఒకచోట నిలిస్తేగా! ఉన్న గిన్నెలే మళ్లీ మళ్లీ తోమింది. చివరికి ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే పక్కింటావిడ వెంటబెట్టుకెళ్లి ఆయమ్మ పనిలో చేర్పించింది.

పని ఆమెకి నచ్చింది. మనుషుల్ని లేపడం, కూర్చోబెట్టడం, తల దించి ఉంచే దిండు సర్దడం, మెడ పట్టేస్తే వేడి గుడ్డ వెయ్యడం. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క వాసన తప్ప. ఫినాయిలు, స్పిరిటు, మందులు. మొదటి సాయంత్రం ఇంటికి రాగానే కూతురు ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చింది. సగం దూరంలో ఆగిపోయింది.

“ఇంజెక్షన్ వాసనొస్తున్నావు” అంది.

ఆ రాత్రి పిల్ల వాళ్ల నాన్న పక్కకి జరిగి పడుకుంది. ఆమె నవ్వేసింది గానీ లోపల ఎక్కడో కలుక్కుమంది. మర్నాటి నుంచి రాగానే స్నానం చేసేది. సబ్బు మార్చింది, చీర మార్చింది. పిల్ల దగ్గరికి వచ్చేది, మాట్లాడేది, అన్నీ చెప్పేది. ముఖం మాత్రం దాచుకునేది కాదు.

రెండు నెలలకి, కూతురి జడకి క్లిప్పులు కొందామని బస్టాండు పక్కన ఫ్యాన్సీ షాపుకి వెళ్లింది. కౌంటరు వెనక సన్నటి అమ్మాయి, కొత్తగా పనిలో చేరినట్టుంది, హుషారు పట్టలేకుండా ఉంది.

“చెయ్యిలా పెట్టక్కా” అంది.

“నాకెందుకమ్మా సెంట్లూ గింట్లూ!”

“ఇది సెంటు కాదక్కా, బాడీ మిస్ట్. సెంటు కొట్టుకుంటే మనకంటే ముందు మన వాసన ఇంటికెళ్లిపోతుంది. ఇదలా కాదు, నీళ్లలా పలచగా ఉంటుంది. రోజూ వాడుకునేది.”

వద్దనేలోగా మణికట్టు మీద బుస్సుమంది. ముందు చల్లగా తగిలింది. రెండు క్షణాల్లో ఆ చల్లదనం ఎగిరిపోయి, కింద నుంచి వెచ్చగా, తియ్యగా ఒకటి లేచింది. చక్కెర వేసిన పాలు సన్నసెగ మీద పెట్టి మరిచిపోయినట్టు. దాని వెనకాలే ఇనుప ట్రేల చప్పుడు, తెల్ల టోపీలు, టీ విరామంలో అమ్మలక్కల నవ్వులు, అన్నీ కట్టగట్టుకుని వచ్చేశాయి. ఇన్నేళ్లూ ముక్కుకి తెలియని వాసన అప్పుడు తెలిసింది. ఆమె చెయ్యి ముక్కు దగ్గరే పెట్టుకుని అలా నిలబడిపోయింది.

“ఏంటక్కా, కళ్లలో గానీ పడిందా?” అని ఆ అమ్మాయి కంగారుపడింది.

క్లిప్పుల సంగతి మరిచిపోయి ఆమె ఆ సీసాతో బయటికొచ్చింది. తేనెరంగు నీళ్లతో, బొటనవేలంత మూతతో, సాదా ప్లాస్టిక్ సీసా. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగాక, బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేకుండా చూసి రెండుసార్లు నొక్కుకుంది. దొంగతనం చేసినట్టు సీసా గబుక్కున సంచిలో దాచేసింది.

కూతురు గుమ్మంలో ఆగి, ముక్కు ఎగబీల్చి, అనుమానంగా దగ్గరికి వచ్చింది. ముఖం ఆనించింది. గట్టిగా పీల్చింది.

“ఇది బిస్కెట్ కాదు” అంది చివరికి. “కేకు.”

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

“కేకు కూడా బానే ఉందిలే” అని పిల్ల మళ్లీ ముఖం దాచుకుంది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. నోరు తెరిస్తే హాస్యమే. “ఎవరింటికైనా కేకు ఏడాదికోసారి వస్తుంది. మనింటికి రోజూ సాయంత్రం ఆరింటికి నడుచుకుంటూ వస్తోంది” అన్నాడు.

అలా ఆ వాసన మొదట ఇంటి కోసమే. వార్డుకి రావడం పొరపాటున జరిగింది. ఒక రోజు మధ్యాహ్నం అక్కణ్ణించి అటే కూతురి స్కూల్లో టీచరుని కలవాల్సి ఉంది. మళ్లీ టైముండదని పొద్దున్నే రెండు నొక్కులు నొక్కుకుని డ్యూటీకి వచ్చింది.

కిటికీ పక్క మంచం మీద ఒక గడియారాల మేస్త్రీ ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఆపరేషనై మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఇన్నాళ్లూ కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత స్క్రూలు బిగించినవాడు, ఇప్పుడు నేల మీద పలకల గీతలు చూస్తూ పడి ఉన్నాడు. ఎవరు ముట్టుకున్నా ఉలిక్కిపడి తల ఎత్తేసేవాడు. తల ఎత్తితే చేసిన ఆపరేషనంతా వృథా. సిస్టర్లకి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ రోజు ఆమె దిండు సర్దుదామని వెళ్తుంటే, ఇంకా రెండడుగుల దూరం ఉండగానే గొంతు వినిపించింది.

“ఎవరది?”

“నేనేనండీ, ఆయమ్మని. దిండు జరిగింది.”

“సర్దండి.” మనిషి కదల్లేదు. భుజం మీద చెయ్యి వేసినా ఉలిక్కిపడలేదు. కాసేపాగి అన్నాడు, “మీరొస్తున్నట్టు ముందే తెలిసిందమ్మా. మిగతావాళ్లు పిల్లుల్లా వచ్చి వెనక నుంచి చెయ్యేస్తారు. గుండె ఆగినంత పనవుతోంది. రేపు కూడా ఇదే వాసనతో రండి.”

మర్నాడు అదే వాసనతో వెళ్లింది. ఆ మర్నాడూ. మూడో రోజుకి నాలుగో మంచం ముసలావిడ, తొమ్మిదో మంచం కండక్టరు కూడా “అదిగో, వెనీలా వచ్చింది” అనడం మొదలుపెట్టారు. నాలుగో రోజున హెడ్ సిస్టరు ముక్కున పడింది.

హెడ్ సిస్టరంటే జూనియర్ డాక్టర్లకే హడలు. మనిషి నిలువెత్తు, మాట ముక్కుసూటి, కోపం ముక్కు మీద.

“ఇది ఆసుపత్రా, నాటకాల కంపెనీనా?” అంది వార్డు మధ్యలో నిలబడి. “దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లుంటారు ఇక్కడ. ఒక్క దగ్గు దగ్గితే కంట్లో కుట్టు ఊడుతుంది. ఆ మాత్రం బుద్ధుండక్కర్లేదా?”

తప్పు తనదేనని ఆమెకే తోచింది, ఆయాసం సంగతి నిజంగానే తట్టలేదు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. మర్నాడు ఏమీ కొట్టుకోకుండా వచ్చింది. గడియారాల మేస్త్రీ దిండు సర్దబోతే ఉలిక్కిపడి తల ఎత్తాడు.

పెద్ద డాక్టరు రౌండ్సుకి వచ్చినప్పుడు ఆ మేస్త్రీయే, నేలవైపు చూస్తూనే, ఫిర్యాదు చేశాడు. “డాక్టరుగారూ, మీ వార్డులో దగ్గరికి వచ్చేదెవరో ముందే తెలిసేది ఒక్క ఆయమ్మ విషయంలోనే. ఆవిడ చేత కూడా ఆ వాసన మాన్పించేశారు.”

“మాకూ అంతేనండీ” అంది నాలుగో మంచం.

డాక్టరు విషయం కనుక్కుని కాసేపు గడ్డం గోక్కున్నాడు. హెడ్ సిస్టరు వైపు చూశాడు. ఆవిడ ముఖం గోడలా ఉంది.

“సిస్టరు చెప్పింది న్యాయమే” అన్నాడు. “కానీ వీళ్లు తల ఎత్తకుండా ఉండటం నాకు అంతకంటే ముఖ్యం. ఒక పని చెయ్యండి. కొత్తగా చేరిన ప్రతి పేషెంటునీ అడగండి. ఒక్కరు పడదన్నా, వాళ్లు వెళ్లేదాకా వద్దు. ఆపరేషన్ థియేటరు వైపు అసలే వద్దు.”

“రెండు నొక్కులు. మూడోది కొట్టావని నాకు తెలిసిందో, నీ సంగతి చెప్తా!” అని హెడ్ సిస్టరు తన షరతు కూడా కలిపింది.

అప్పటినుంచి అది ఆమె ఉద్యోగంలో ఒక భాగమైపోయింది. ఎవరు చేరినా మంచం పక్కన చతికిలబడి, వాళ్ల చెవికి వినిపించేలా నేల మీదికి వంగి అడిగేది. “నేను రోజూ వెనీలా కొట్టుకుంటానండీ. మీకేమైనా ఇబ్బందా?” ఇబ్బంది అన్నవాళ్లు ఇరవై రెండేళ్లలో పదిమందికి మించి లేరు. వాళ్లున్నన్ని రోజులూ సీసా ఇంట్లోనే ఉండేది. మిగతా కాలమంతా అదే వాసన. పొద్దున్న మంచాలు సర్దే వేళకి చురుగ్గా ఉండేది, మధ్యాహ్నం భోజనాల వేళకి బట్టల్లోకి దిగి మెత్తబడేది, సాయంత్రానికి దగ్గరికి వంగితే తప్ప తెలిసేది కాదు. రోగులు దాన్నిబట్టే పూట చెప్పేవారు.

గడియారాల మేస్త్రీ మూడు నెలల తర్వాత చెకప్‌కి వచ్చాడు. కింద వరండాలో జనంలో నడుస్తూ నడుస్తూ ఆగి, చుట్టూ చూసి, నేరుగా ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

“మీరేనా?” అన్నాడు. “ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదమ్మా.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎందుకో ఆయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. కన్ను ఇంకా పచ్చిగా ఉంది, రుద్దకూడదని ఆమె మందలించింది.

ఇంట్లో మాత్రం ఆ వాసనకి గిరాకీ తగ్గుతూ వచ్చింది. కూతురు హైస్కూలుకొచ్చాక తోటిపిల్లలు ‘కేకమ్మ కూతురు’ అని ఏడిపించారట. “అమ్మా, మా స్కూలుకొచ్చేటప్పుడు అది కొట్టుకుని రాకు” అంది ఒకనాడు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆమె సరే అంది. అప్పటినుంచి స్కూలుకి వాళ్ల నాన్నే వెళ్లేవాడు. కూతురు చదువుకుంది, తాగునీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం వచ్చింది, పెళ్లి చేసుకుని నాలుగు వీధుల అవతల కాపురం పెట్టింది. హెడ్ సిస్టరు రిటైరైంది. ఫ్యాన్సీ షాపు అమ్మాయి ఆ షాపుకే యజమానురాలై, కళ్లద్దాలు పెట్టుకుంది. సీసా ఆకారం నాలుగుసార్లు మారింది, లోపలి నీళ్లు మాత్రం మారలేదు.

ఆమె ఉద్యోగం ముగియడానికి ఇంకా రెండేళ్లుందనగా ఒక జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. తగ్గాక కొత్త సీసా తెరిచి నొక్కుకుంటే ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. ఏమీ లేదు. సీసా పట్టుకుని షాపుకెళ్లి, “ఇందులో ఉత్త నీళ్లు పోశారు” అని దెబ్బలాడింది.

యజమానురాలు వాసన చూసి, “అబ్బే, బ్రహ్మాండంగా ఉందక్కా! మీకు జలుబేమో” అంది.

జలుబు లేదు. రెండ్రోజుల తర్వాత పొయ్యి మీద పాలు పొంగి, అడుగంటి, మాడి, ఇల్లంతా పొగ కమ్ముకున్నా పక్క గదిలో ఉన్న ఆమెకి తెలియలేదు. భర్త బాత్‌రూమ్‌లోంచి ఒళ్లంతా సబ్బునురుగుతో పరుగెత్తుకొచ్చాడు. “ఏమే, ముక్కుందా లేదా?” అని అరిచాడు. అరిచాక ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

వాసన పట్టే శక్తి జ్వరంతో పోయిందన్నాడు ముక్కు డాక్టరు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆమె ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. సీసా మాత్రం మానలేదు. తెలియనిదాన్ని తెలిసేలా చేద్దామన్నట్టు నాలుగు, ఆరు, ఎనిమిది నొక్కులదాకా వెళ్లింది. ఒక పొద్దున్న ఏడో మంచం మీద దర్జీపని చేసుకునే ఆవిడ నేలచూపులతోనే, ఎంతో మొహమాటంగా అంది.

“ఆయమ్మా, ఏమనుకోకండి. కాస్త దూరంగా ఉంటారా? గొంతు పట్టేస్తోంది.”

ఆమె చేతిలో పని వదిలేసింది. గబగబా బాత్‌రూమ్‌లోకి వెళ్లి, మోచేతులదాకా ఎర్రబడేలా రుద్ది కడుక్కుంది. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలియదు. అదే ఆమెని భయపెట్టింది. ఆ రోజు నుంచి మానేసింది. మంచం దగ్గరికి వెళ్లేముందు దగ్గేది, లేదా గాజులు చప్పుడు చేసేది. పని జరిగిపోయేది. కానీ “వెనీలా వచ్చింది” అనేవాళ్లు లేరు. పాత రోగులెవరైనా ఆమె గురించి చెప్పి పంపితే, ఆ కొత్తవాళ్లు “ఆవిడ మీరేనా? ఏదో వాసనొస్తుందన్నారే?” అని అడిగేవారు.

మూడు వారాలకి కూతురు దేనికోసమో బీరువా తీస్తే, చీరల వెనక సీసా కనిపించింది.

“ఇదేంటి ఇక్కడ దాచావు?”

దాచడానికి ఇంకేం లేకపోయింది. ఆమె కూర్చుని మొత్తం చెప్పింది. “నాకే తెలియనిదాన్ని ఇంకొకళ్ల ముక్కు మీద ఎలా రుద్దను చెప్పు?” అంది.

కూతురు కాసేపు సీసా తిప్పుతూ కూర్చుంది. “మా ల్యాబులో నీళ్ల వాసన చూడ్డం కూడా నా పనేనమ్మా. రోజుకి ముప్పై శాంపిళ్లు. ముప్పై ఒకటోది నువ్వు” అంది.

మర్నాటి నుంచి ఆఫీసుకెళ్తూ పొద్దున్నే ఇటు వచ్చేది. ఆమె చెయ్యి జాపి నిలబడేది. “జానెడు దూరంలో పెట్టు. ఒకటి. ఇటు చెయ్యికి ఒకటి. చాలు.” కూతురు వంగి వాసన చూసేది. “ఎక్కువైంది, తుడువు.” ఇంకోనాడు, “ఇవాళ గాలికి పోయింది, మళ్లీ కొట్టు.” నెల తిరిగేసరికి ఆమె వేలికి కొలత వచ్చేసింది. ముక్కు చెప్పాల్సినది వేలు చెప్పేది. ఇక రానక్కర్లేదని చెప్పినా కూతురు రావడం మానలేదు.

“నేను స్కూల్లో ఉన్నప్పుడు ఒక మాటన్నాను, గుర్తుందా?” అని అడిగింది ఒక రోజు, చెయ్యి వదలకుండా.

“ఏమన్నావు?”

“ఏం లేదులే” అంది కూతురు. ఆమెకి బాగా గుర్తుంది. చెప్పలేదు.

ఆ ఏడాదే పాత హెడ్ సిస్టరు అదే వార్డులో రోగిగా చేరింది. కంటి పొర ఊడింది. అంత పొడుగు మనిషీ మూడో మంచం మీద తల వేలాడేసి కూర్చుని ఉంటే చూడ్డానికి కష్టంగా ఉంది. ఆమె మామూలుగానే చతికిలబడి, నేల మీదికి వంగింది.

“నేను రోజూ వెనీలా కొట్టుకుంటానండీ. మీకేమైనా ఇబ్బందా?”

“ఇన్నేళ్లు పీల్చి పీల్చి చచ్చాను, ఇప్పుడా అడిగేది?” అంది హెడ్ సిస్టరు. గొంతు ఏమీ తగ్గలేదు.

ఆవిడకి మాత్రం నిజం చెప్పేసింది, తన ముక్కు పోయిందని. హెడ్ సిస్టరు చెయ్యి పక్కకి జాపి, తడుముకుంటూ ఆమె మణికట్టు పట్టుకుంది.

“సరిగ్గా రెండే కొట్టావు” అంది. “నాకు తెలుసు. నువ్వు వరండా మలుపు తిరిగినప్పటినుంచే ధైర్యంగా ఉంది నాకు.”

ఇన్నేళ్లలో ఆవిడ నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఆమెకి ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతోనే.

ఉద్యోగం చివరి వారంలో, తన స్థానంలోకి వచ్చిన కొత్త ఆయమ్మకి పని అప్పగించింది. పాతికేళ్ల పిల్ల, చురుకైనది. దిండ్లు, మెడకి వేడిగుడ్డ, ఎవరు ఎటువైపు పడుకోవాలో రాసిన కాగితాలు, అన్నీ చూపించింది.

“నేను కూడా వెనీలాయే కొట్టుకోవాలా పెద్దమ్మా?” అని అడిగింది ఆ పిల్ల.

“నీకేది నచ్చితే అది. కానీ ముందు అందరినీ అడుగు. రోజూ ఒకటే ఉండాలి. నువ్వు మార్చావంటే వాళ్లకి మనిషి మారినట్టే.”

ఇప్పుడు ఆమె ఇంటిపట్టునే ఉంటోంది. ముక్కు కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది, వంకరటింకరగా. తడిసిన నేల తెలుస్తుంది, కిరోసిన్ తెలుస్తుంది, కాఫీ మాత్రం కాలిన రబ్బరులా ఉంటుంది. వెనీలా ఇంకా రాలేదు. అయినా పొద్దున్న స్నానం చేశాక రెండు నొక్కులు నొక్కుకుంటూనే ఉంది. “ఎవరి కోసమే ఇప్పుడు?” అని భర్త ఆటపట్టిస్తే, “నీకోసం మాత్రం కాదులే” అంటుంది.

మొన్న కంటి పరీక్షకని ఆసుపత్రికి వెళ్లి, ఆగలేక రెండో అంతస్తు ఎక్కింది. బోర్లా వార్డు గుమ్మం బయటే నిలబడింది. లోపల కొత్త ఆయమ్మ నీళ్ల జగ్గు పట్టుకుని మంచాల మధ్య నడుస్తోంది. ఎవరో రోగి తల దించుకునే, “నిమ్మకాయమ్మా, ఇటోసారి రామ్మా” అని పిలిచాడు. ఆ పిల్ల “వస్తున్నా బాబాయ్” అంటూ గబగబా అటు నడిచింది.

నిమ్మకాయమ్మట! ఆమెకి ముందు నవ్వొచ్చింది. వెంటనే ఎక్కడో చిన్న ఈర్ష్య గిచ్చింది, అబద్ధం ఎందుకు. ఆ గుమ్మంలో ఇంకాసేపు నిలబడి, ఆ పిల్ల దిండు ఎలా సర్దుతోందో చూసింది. బాగానే సర్దింది. ఎవరికీ కనబడకుండా మెట్లు దిగి, బస్సుకి టైమైందని నడక వేగం పెంచింది.